దేవరకొండ పల్లెల్లో క్యాన్సర్ పరీక్షల శిబిరం: ఏ పరీక్షలు చేయించాలి?

ప్రశ్న (దేవరకొండ మండలంలోని ఒక గ్రామ యువజన సంఘం కార్యదర్శి)

అందరికీ నమస్కారం. మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వెళ్ళి హైదరాబాదులో స్థిరపడ్డవాళ్ళు చందాలు వేసుకొని, పత్తి ఏరే పనులు ముగిసిన తర్వాత మా ఊరి బడిలో ఒకరోజు క్యాన్సర్ పరీక్షల శిబిరం పెట్టించాలని అనుకుంటున్నారు. మా చిన్నమ్మ రొమ్ములో గడ్డ చేతికి తగులుతున్నా, నొప్పి లేదు కదా అని ఆ ఏడాది పనులన్నీ అయ్యేదాకా ఎవరితోనూ అనలేదు. అది పుండుగా మారిన తర్వాతే పట్నం తీసుకుపోయాము, అప్పటికే జబ్బు ఎముకలకు పాకింది. ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఒక ప్రైవేటు ల్యాబు వాళ్ళు రక్తంలో 'ట్యూమర్ మార్కర్లు' (క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే అవకాశం ఉన్న పదార్థాలు) చూసి అన్ని రకాల క్యాన్సర్లనూ ముందే పట్టేస్తామంటున్నారు. ఆ మాటను నమ్మవచ్చునా? ఉన్న డబ్బుతో ఎవరికి ఏ పరీక్షలు చేయిస్తే నిజంగా ప్రాణాలు నిలుస్తాయి?

జవాబు 1 (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు, నల్లగొండ జిల్లా)

ఆ మాటను దయచేసి నమ్మకండి. సీఏ-125, సీఈఏ వంటి మార్కర్లు ముఖ్యంగా క్యాన్సర్ అని తేలినవారిలో చికిత్స ఎలా పనిచేస్తున్నదో గమనించడానికి ఉపయోగపడతాయి తప్ప, ఏ బాధా లేని మనిషిలో జబ్బును వెతకడానికి పనికిరావు. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా మహిళలతో ఏళ్ళ తరబడి జరిగిన పరిశోధనలో, ఏటా సీఏ-125 చూసి అవసరాన్ని బట్టి స్కానింగు చేసినా అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. వెతికినకొద్దీ దొరకడం వేరు, దొరికినందువల్ల మనిషి బతకడం వేరు. దక్షిణ కొరియాలో అల్ట్రాసౌండ్ విచ్చలవిడిగా చేయడంతో 1993 నుంచి 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్లు పదిహేను రెట్లు పెరిగాయి, ఆ జబ్బుతో చనిపోయేవారి సంఖ్య మాత్రం దాదాపు అలాగే ఉంది. మార్కరు కాస్త ఎక్కువగా ఉందన్న కాగితం పట్టుకొని మీ ఊరి మనుషులు స్కానింగుల చుట్టూ తిరిగి అప్పులపాలు కావడం నాకు ఇష్టం లేదు.

మన దేశంలో 2016 నాటి మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళ వారిలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం చూడాలి. ఈ మూడింటికీ మన దేశంలోనే జరిగిన పరిశోధనల ఆధారం ఉంది. తిరువనంతపురంలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి నోరు తెరిపించి చూసినప్పుడు, పొగాకు లేదా మద్యం అలవాటున్న వారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో వెల్లడించారు. ముంబయిలో 1998లో మొదలుపెట్టి, శిక్షణ పొందిన కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేతితో రొమ్ము పరీక్ష చేయగా, 50 ఏళ్ళు దాటిన వారిలో మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. అంతకన్న చిన్న వయసు వారిలో ఆ మేలు కనబడలేదు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ పరీక్ష ఒక్కసారి చేసి, తేడా ఉన్నవారికి చికిత్స ఇస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు దాదాపు సగమయ్యాయని 2009లో తెలిసింది. ఇవేవీ బడిలో ఒక పూట పెట్టిన శిబిరాల ఫలితాలు కావు. తేడా కనబడిన ప్రతి మనిషినీ బయాప్సీ (అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) దాకా, చికిత్స దాకా తీసుకువెళ్ళే ఏర్పాటు వాటి వెనుక ఉంది. మీ చందా డబ్బు అక్కడ పెట్టండి.

జవాబు 2 (ఏఎన్ఎం, అచ్చంపేట ప్రాంతం)

డాక్టరు గారు చెప్పినదానికి మా పల్లె దవాఖాన అనుభవాన్ని జోడిస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, దేశంలో 30-49 ఏళ్ళ మహిళల్లో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 1.9 శాతమే. ఆ పరీక్ష చూడబోతే చాలా తేలిక. పలచని ఎసిటిక్ ఆమ్లం అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్లటి మచ్చ వస్తుందేమో చూస్తాము. అయినా రారు, ఎందుకంటే బడిలో చీర అడ్డం కట్టి, బయట మగవాళ్ళు వరుసలో నిలబడి ఉండగా ఏ ఆడమనిషీ బల్ల ఎక్కదు. కాబట్టి నోరు, రొమ్ము వరకు శిబిరంలో చూసి, ఈ పరీక్షను తలుపూ వెలుతురూ ఉన్న దవాఖాన గదికే మార్చండి. ఇందులో ఇంకొక సంగతి ఉంది. ముట్లు ఆగిపోయిన వారిలో చూడవలసిన భాగం లోపలికి వెళ్ళిపోతుంది గనుక ఎసిటిక్ ఆమ్లం పరీక్షలో 'తేడా లేదు' అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. ముట్లు ఆగిన తర్వాత రక్తం కనబడితే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

మా పాలమూరు వైపు వలస పెద్ద అడ్డంకి. పరీక్షలో తేడా ఉన్నట్టు తేలిన మనిషి బయాప్సీ తేదీ నాటికి ఇటుక బట్టీకో, పట్నంలో మేస్త్రీ పనికో వెళ్ళిపోయి ఉంటుంది. ఆమె ఫోను నంబరుతో పాటు ఊళ్ళోనే ఉండే అత్తదో వదినదో నంబరు కూడా ఆ రోజే రాసుకోండి.

జవాబు 3 (కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకుడు, మహబూబ్‌నగర్)

శిబిరం గురించే మాట్లాడుకుంటూ, బాధతో ఇప్పటికే ఎక్కడో ఒక గడప తొక్కిన మనిషిని మరచిపోతున్నామని నాకు అనిపిస్తున్నది. కార్యదర్శి గారి చిన్నమ్మకు స్క్రీనింగ్ (ఏ బాధా లేనివారిలో జబ్బును వెతికే పరీక్ష) అక్కరలేదు, ఆమెకు లక్షణం ఉంది. ఆమెకు కావలసింది నొప్పి లేని గడ్డ మరింత అనుమానించవలసినదని ముందే తెలియడం, మొదట కలిసిన వ్యక్తి మందుబిళ్ళ ఇచ్చి పంపకుండా పరీక్షకు రాయడం. మన ఊళ్ళలో ఆ మొదటి వ్యక్తి చాలాసార్లు ఆర్ఎంపీ అవుతాడు. ఆయనను తిట్టడం కన్నా శిబిరానికి ముందే పిలిచి కూర్చోబెట్టి, రెండు మూడు వారాలు దాటినా మానని నోటి పుండు, మూడు వేళ్ళు పట్టనంతగా బిగుసుకుపోయిన నోరు, కలయిక తర్వాత రక్తస్రావం, దగ్గులో రక్తం, కారణం లేకుండా తగ్గిపోయే బరువు వంటివి చూస్తే తన దగ్గర ఆపుకోవద్దని చెప్పడం మేలు.

ఊపిరితిత్తుల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఎక్స్‌రేలో నీడ కనబడగానే, కళ్ళె పరీక్షలో క్షయ నిర్ధారణ కాకపోయినా, నెలల తరబడి క్షయ మందులు వాడించడం వల్ల క్యాన్సర్ ఆలస్యంగా బయటపడే రోగులు మన దేశంలో అరుదు కాదు. మందులు మొదలుపెట్టినా గుణం లేకపోతే ఏ తేదీన తిరిగి రావాలో చీటీ మీద రాసి ఇవ్వడం ప్రాథమిక వైద్యంలో చిన్న పనిగా కనబడుతుంది, నిజానికి ప్రాణం నిలిపేది చాలాసార్లు అదే. ఇంగ్లండులో 2015 నాటి మార్గదర్శకాలు, ఒక లక్షణాన్ని బట్టి క్యాన్సర్ అయ్యే అవకాశం 3 శాతం ఉన్నా పెద్దాసుపత్రికి పంపమంటాయి. సాధారణ వైద్యుల రికార్డులను ఏళ్ళ తరబడి పరిశీలించడం వల్ల అలాంటి లెక్క సాధ్యమైంది. మనకు ఆ రికార్డులే లేవు. మీరు ఒక నోటు పుస్తకంలో బాధ మొదలైన తేదీ, మొదట చూపించుకున్న తేదీ, పైకి పంపిన తేదీ, బయాప్సీ ఫలితం వచ్చిన తేదీ రాయండి. ఎక్కడ వారాలు పోతున్నాయో ఆ నాలుగు తేదీలే చెబుతాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ల్యాబు వాళ్ళకు వద్దని చెప్పేస్తాము. ఆ డబ్బుతో నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికీ, అవసరమైతే హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికీ రానుపోను ఖర్చులు, పోయిన కూలి, వెంట వెళ్ళే ఒక మనిషి జీతం భరించాలని మా వాళ్ళతో మాట్లాడుతున్నాను. ఒక్క సందేహం మిగిలింది అక్కా. గుట్కా, ఖైనీ నమిలే మగవాళ్ళు శిబిరం అంటే ఆ దరిదాపులకే రారు. వాళ్ళ నోళ్ళు ఎలా చూడాలి?

జవాబు (ఏఎన్ఎం, అచ్చంపేట ప్రాంతం)

వాళ్ళను రమ్మనకండి, మీరే వెళ్ళండి. ఉపాధి హామీ పని దగ్గర పొద్దున హాజరు వేసే సమయంలో, ఆటో అడ్డాలో, కల్లు దుకాణం ముందు సాయంత్రం ఒక టార్చిలైటు, గాజుగుడ్డ, చేతి తొడుగులు పట్టుకొని నిలబడితే మనిషికి రెండు నిమిషాలు చాలు. బుగ్గల లోపల, నాలుక పక్కన, నాలుక కింద చూడాలి. తెల్లని మచ్చ కన్నా ఎర్రని మచ్చను ఇంకా గట్టిగా అనుమానించాలి. అలవాటు మానమని ఆ రోజే ఉపన్యాసం ఇవ్వకండి, ముందు నోరు తెరవనివ్వండి. ఆశ కార్యకర్తను తప్పకుండా వెంట తీసుకువెళ్ళండి, ఎందుకంటే 30 దాటిన వారి అలవాట్లు, లక్షణాలు నింపే ఫారం ఆమె దగ్గరే ఉంటుంది, ఆ ఊళ్ళో ఎవరు ఏమి నములుతారో ఆమెకు ముందే తెలుసు.