"అసంబద్ధం కాబట్టే నమ్ముతున్నాను": ఈ మాట టెర్టూలియన్ అన్నాడా?

మొన్న ఇక్కడ శ్రద్ధ, నమ్మకం, విశ్వాసం అనే మూడు మాటల మీద చర్చ నడిచినప్పుడు ఒక మిత్రుడు "అసంబద్ధం కాబట్టే నమ్ముతున్నానని టెర్టూలియన్ అనే క్రైస్తవ గురువే ఒప్పుకున్నాడు కదా" అన్నారు. చర్చ వేరే దారి పట్టడంతో ఆ మాట అలాగే ఉండిపోయింది. దాన్ని విడిగా ఎత్తుకోవాలనిపించి ఈ పోస్టు పెడుతున్నాను.

లాటిన్‌లో "క్రేదో క్వియా అబ్సుర్దుమ్" అనే ఈ వాక్యాన్ని హేతువాదులూ వాడతారు, దైవభక్తులూ వాడతారు. కొందరు దీన్ని ఆగస్టీన్ అనే మరో క్రైస్తవ గురువుకు అంటగడతారు. ఫ్రాయిడ్ 1927లో మతం మీద రాసిన పుస్తకంలో కూడా దీన్ని చర్చి పితరుల, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ గురువుల, మాటగానే తీసుకున్నాడు. అసలు సంగతేమిటంటే టెర్టూలియన్ రచనల్లో గానీ ఆగస్టీన్ రచనల్లో గానీ ఈ వాక్యం లేదు.

టెర్టూలియన్ కార్తేజ్‌వాడు, అంటే ఇప్పటి ట్యూనిస్ పక్కన ఉన్న ఊరివాడు. క్రీ.శ. 197 ప్రాంతం నుంచి రెండు దశాబ్దాలకు పైగా లాటిన్‌లో రాశాడు. వాదనలో దిట్ట. 'త్రిత్వం' అనే అర్థంలో 'త్రినితాస్' అన్న మాట లాటిన్‌లో మనకు మొదట కనిపించేది ఇతని రాతల్లోనే. 3వ శతాబ్దం తొలి ఏళ్ళలో "క్రీస్తు దేహం గురించి" అని ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో అయిదో అధ్యాయంలో ఈ మూడు వాక్యాలున్నాయి:

"క్రుకిఫిక్సుస్ ఎస్త్ దెయీ ఫీలియుస్: నోన్ పుదెత్, క్వియా పుదెందుమ్ ఎస్త్. ఎత్ మోర్తుఉస్ ఎస్త్ దెయీ ఫీలియుస్: ప్రోర్సుస్ క్రెదిబిలె ఎస్త్, క్వియా ఇనెప్తుమ్ ఎస్త్. ఎత్ సెపుల్తుస్ రెసుర్రెక్సిత్: కెర్తుమ్ ఎస్త్, క్వియా ఇంపోస్సిబిలె."

నా తెలుగు: "దేవుని కుమారుణ్ణి సిలువ వేశారు. నాకు సిగ్గు లేదు, ఎందుకంటే అది సిగ్గుపడాల్సిన సంగతి. దేవుని కుమారుడు చనిపోయాడు. అది పూర్తిగా నమ్మదగింది, ఎందుకంటే అది తగనిది. పాతిపెట్టాక తిరిగి లేచాడు. అది ఖాయం, ఎందుకంటే అది అసాధ్యం."

ప్రసిద్ధి కెక్కిన వాక్యంలో ఉన్నవి మూడే మాటలు. వాటిలో టెర్టూలియన్‌ది 'క్వియా' ఒక్కటే, అంటే 'ఎందుకంటే'. 'క్రేదో' లేదు. ఆయన "నేను నమ్ముతున్నాను" అనడం లేదు, "అది నమ్మదగింది" అంటున్నాడు. తెలుగులో ఈ తేడా చెవికి వెంటనే తెలుస్తుంది. మొదటిది నా మనసు సంగతి, రెండోది ఆ విషయానికి ఉన్న లక్షణం. అలాగే 'అబ్సుర్దుమ్' కూడా లేదు. ఉన్నది 'ఇనెప్తుమ్'. 'ఆప్తుస్' అంటే తగినది, ఒప్పేది. దానికి వ్యతిరేకం తగనిది, ఒప్పనిది. "పెద్దవాళ్ళ ముందు అలా మాట్లాడటం తగదు" అంటామే, ఆ తగదు.

ఎవరికి తగదు, ఎందుకు తగదు? ఇది తేలాలంటే ఆయన ఎవరితో పోట్లాడుతున్నాడో చూడాలి. అవతలివాడు మార్కియన్. నల్లసముద్రం ఒడ్డున సినోపె అనే రేవు పట్టణంవాడు, ఓడల యజమాని. 140 ప్రాంతంలో రోముకు వచ్చి అక్కడి సంఘానికి రెండు లక్షల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) కానుక ఇచ్చాడు. తర్వాత అతని బోధ నచ్చక సంఘం అతన్ని వెలివేసి ఆ డబ్బు తిరిగి ఇచ్చేసింది. లోకాన్ని చేసిన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అన్నది అతని సిద్ధాంతం. ఈ మట్టీ మాంసమూ లోకాన్ని చేసిన ఆ కింది దేవుడి పని కాబట్టి క్రీస్తుకు నిజమైన దేహం ఉండకూడదు, కనిపించింది ఒక రూపం మాత్రమే అన్నాడు. గర్భంలో ఉండటం, రక్తంతో పుట్టడం, పొత్తిగుడ్డల్లో పడి ఉండటం దేవుడికి తగదు. మార్కియన్ అభ్యంతరమంతా ఈ 'తగదు'లోనే ఉంది.

నాలుగో అధ్యాయంలో టెర్టూలియన్ ఆ అసహ్యాన్నంతా తనే వరుసగా చెప్పి మార్కియన్ వైపు తిరుగుతాడు: "ప్రకృతిలో పూజించాల్సిన దీని మీద ఉమ్మేస్తున్నావే మార్కియన్, మరి నువ్వెలా పుట్టావు?" ఆ వెంటనే, క్రీస్తు ప్రేమించింది ఆ మనిషినే అంటాడు: గర్భంలో మలినాల మధ్య గడ్డకట్టినవాణ్ణి, 'పెర్ పుదెందా' బయటికి వచ్చినవాణ్ణి. 'పుదెందా' అంటే మర్మాంగాలు, మాటకు మాటగా చూస్తే "సిగ్గుపడాల్సినవి". తర్వాతి అధ్యాయంలో సిలువ గురించి చెప్పేటప్పుడు వాడిన 'పుదెందుమ్' ఇదే మాట. తల్లి కడుపులోంచి బయటపడటాన్నీ సిలువ మీద చావునూ ఒకే సిగ్గుతో ముడివేశాడు. తెలుగులో 'సిగ్గు'కు ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. చంటి ఆడపిల్లలకు మొలతాటికి కట్టే సిగ్గుబిళ్ళలో సిగ్గు అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే 'పుదెందుమ్'ను 'లజ్జాకరం' అని అనువదించడం నాకు ఇష్టం లేదు. సిగ్గు అంటేనే దెబ్బ తగులుతుంది.

ఆ మూడు వాక్యాలకు కాస్త ముందు ఇంకో వాక్యం ఉంది: "దేవునికి తగనిదేదైనా అది నాకు మేలే." ఇది చదివాక 'ఇనెప్తుమ్'కు 'అసంబద్ధం' అని ఎలా రాస్తాం? తర్కానికి అందదని ఆయన సంబరపడటం లేదు. తగదని నువ్వు తోసేసిందే నాకు రక్షణ అంటున్నాడు. మూడు వాక్యాల తర్వాత మార్కియన్‌ను ఇలా నిలదీస్తాడు: "క్రీస్తును అబద్ధంతో ఎందుకు సగం చేస్తావు? ఆయన మొత్తం నిజం."

వ్యాఖ్య: "బాగుందండీ. కానీ 'అసాధ్యం కాబట్టి ఖాయం' అన్నది ఉండనే ఉంది కదా. మాటలు మారినా తర్కం అదే కదా?"

జవాబు: మంచి ప్రశ్న అండీ. దీనికి పండితులు చెప్పే సమాధానం ఒకటుంది. 1916లో జేమ్స్ మోఫట్ అనే బైబిల్ పండితుడు ఈ చోటును అరిస్టాటిల్ "అలంకార శాస్త్రం" రెండో భాగంతో పోల్చాడు. వినడానికి నమ్మశక్యం కానిది జనం నమ్మారంటే అందులో ఏదో నిజం ఉండి ఉండాలి, లేకపోతే అలాంటిది ఎవరూ ఊహించి చెప్పరు. అరిస్టాటిల్ చూపిన వాదన పద్ధతి ఇది. మన "నిప్పు లేనిదే పొగ రాదు"కు దగ్గరగా ఉంటుంది. అక్కడి ఉదాహరణ కూడా ముచ్చటైనది. ఆండ్రోక్లెస్ అనే వక్త, చట్టాలను సరిదిద్దడానికి ఇంకో చట్టం కావాలంటాడు. జనం గోల చేస్తారు. అప్పుడతను, ఉప్పునీళ్ళలో పెరిగిన చేపకూ ఉప్పు కావాలి, నూనెనిచ్చే ఆలివ్ పిండికీ నూనె కావాలి, నమ్మబుద్ధి కాకపోయినా నిజం అదే కదా అంటాడు. ఈ పోలికను అందరూ ఒప్పుకోలేదు. నాకూ అది సగమే సరిపోతుందనిపిస్తుంది. రెండో, మూడో వాక్యాలకు కుదురుతుంది గానీ మొదటిదానికి కుదరదు. "సిగ్గుపడాల్సింది కాబట్టి సిగ్గు లేదు" అన్నది సంభావ్యత లెక్క కాదు.

ఆ మొదటి వాక్యం వెనక ఉన్నది తొలి క్రైస్తవ బోధకుడు పౌలు ఆలోచన. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మన పాత తెలుగు బైబిల్లో చూడండి: సిలువవేయబడిన క్రీస్తు "యూదులకు ఆటంకముగాను అన్యజనులకు వెఱ్ఱితనముగాను ఉన్నాడు". కొద్ది వచనాల తర్వాత, జ్ఞానులను సిగ్గుపరచడానికి దేవుడు లోకంలోని వెఱ్ఱివారిని ఏర్పరచుకున్నాడని ఉంటుంది. టెర్టూలియన్ ఈ వచనాన్ని నాలుగో అధ్యాయంలో ఎత్తుకునే అయిదులోకి వస్తాడు. నన్ను గురించి సిగ్గుపడేవాడి గురించి నేనూ సిగ్గుపడతాను అన్న యేసు మాటనూ అక్కడే గుర్తు చేస్తాడు.

వ్యాఖ్య: "అలాగైతే 'వెఱ్ఱితనం' అనే రాయొచ్చు కదా, 'తగనిది' ఎందుకు? బైబిల్ చదివేవాళ్ళకు వెంటనే తగులుతుంది."

జవాబు: తగులుతుంది, నిజమే. కానీ పౌలు 'వెఱ్ఱితనం'కు లాటిన్‌లో వేరే మాట ఉంది, 'స్తుల్తుమ్' వరస. టెర్టూలియన్‌కు ఆ మాట చేతిలోనే ఉంది, ఆ పేజీల్లో వాడాడు కూడా. సరిగ్గా ఈ వాక్యంలో దాన్ని వదిలి 'ఇనెప్తుమ్' అన్నాడు. ఆ ఎంపికను మనం చెరిపేయకూడదు.

వ్యాఖ్య: "మీరు ఆయన్ని మరీ వెనకేసుకొస్తున్నారు మాస్టారూ. ఏథెన్సుకూ యెరూషలేముకూ (అంటే గ్రీకు తత్త్వానికీ క్రైస్తవ విశ్వాసానికీ) సంబంధమేమిటి అన్నది ఆయనే కదా? ప్రశ్నించకుండా నమ్మమనేవారని ఆ కాలంలోనే ఆరోపణ ఉంది."

జవాబు: అన్నాడు, అది నిజంగా ఆయన మాటే. నేనైతే "ఏథెన్సుకు యెరూషలేముతో ఏమి పొత్తు" అని రాస్తాను, ఎందుకంటే అది పౌలు "వెలుగునకు చీకటితో ఏమి పొత్తు" అన్న ధోరణిలోనే ఉంది. క్రీస్తు వచ్చాక మనకు కుతూహలంతో పని లేదు అని కూడా ఆ ఏథెన్సు మాట ఉన్న పుస్తకంలోనే రాశాడు. హేతువాద మిత్రులు ఆయన్ని తప్పుపట్టాలంటే ఈ వాక్యం పట్టుకోవాలి. ఇది గట్టిదీ, ఆయనదీ. దీన్ని నేను సమర్థించను.

ఆరోపణ సంగతికి వస్తే, "పరీక్షించకు, నమ్ము" అని క్రైస్తవుల్లో కొందరు అంటారని 2వ శతాబ్దంలో క్రైస్తవాన్ని విమర్శించిన సెల్సుస్ అనే తత్త్వవేత్త రాశాడు. సుమారు 248లో ఒరిగెన్ అనే క్రైస్తవ పండితుడు దానికి జవాబిచ్చాడు. బతుకు బరువు మోసే జనానికి తత్త్వశాస్త్రం చదివే తీరిక ఉండదు, ఏదో ఒక గురుకులంలో చేరే తత్త్వవేత్త కూడా మొదట ఎవరినో నమ్మే చేరతాడు అన్నాడు. అంటే ఆ గొడవ అప్పుడు ఇరుపక్కలా బాహాటంగానే నడిచింది.

టెర్టూలియన్‌లో ఇంకో వైపు కూడా ఉంది. "దేవునికి చెందినది హేతువు" అన్నవాడూ ఇతనే, పశ్చాత్తాపం మీద రాసిన పుస్తకం మొదట్లోనే. ఆత్మ మీద రాసిన పుస్తకం పదిహేడో అధ్యాయంలో ఇంద్రియాలను నమ్మలేమన్న అకాడెమీ తత్త్వవేత్తల మీద విరుచుకుపడతాడు. కళ్ళూ చెవులూ నాలుకా మోసగిస్తే సువార్త సాక్ష్యాలే నిలబడవు అని, పెళ్ళి విందులో యేసు నీళ్ళను మార్చిన ఆ ద్రాక్షారసం రుచినీ, అనుమానించి ముట్టుకున్నాకే నమ్మిన శిష్యుడు తోమా వేలినీ సాక్ష్యంగా తెస్తాడు.

వ్యాఖ్య: "మరి 'అబ్సుర్దుమ్' ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

జవాబు: 1643లో ఇంగ్లండులో థామస్ బ్రౌన్ అనే వైద్యుడు తన విశ్వాసం గురించి రాస్తూ మూడో వాక్యాన్ని సరిగ్గానే, మెచ్చుకుంటూ ఉటంకించాడు. ఆ మాటకు చదువుకున్నవాళ్ళలో ప్రచారం రావడానికి అదొక కారణం. 18వ శతాబ్దంలో వోల్టేర్ లాంటివాళ్ళు మతాన్ని ఎద్దేవా చేసేటప్పుడు 'నమ్ముతున్నాను', 'అసంబద్ధం' అన్నవి వచ్చి చేరి, చిన్నదై, నినాదంలా జనంలోకి పోయింది. తెలుగులో ఎవరైనా దీన్ని వాడదలిస్తే "టెర్టూలియన్‌కు అంటగట్టిన మాట" అని ఒక ముక్క చేర్చమని నా మనవి.