'కత్తి కాంతారావు'లో కనబడని మాట ఏది?

మిర్యాలగూడ నుంచి ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. పాత జానపద సినిమాల హీరో 'కత్తి కాంతారావు' పేరు మీద ఒక సందేహం. ఇప్పటి పిల్లలు 'సినిమా కత్తి', 'డ్రెస్సు కత్తిలా ఉంది' అంటరు గదా, చాలా బాగుందనే అర్థంల. మా చిన్నోడు ఆ పేరు విని 'అంత బాగా చేస్తుండెనా, అందుకే కత్తి అన్నరా?' అని అడిగిండు. కాదు బిడ్డా, కత్తి పట్టి యుద్ధాలు చేసేటోడు గాబట్టి అని చెప్పిన. 'మరి పట్టిన అనే మాట పేరుల లేదు గదా నాన్నా' అన్నడు. ఇది ఏ సమాసమైతది? ఇట్లాంటి పేర్లు మన భాషల ఎట్ల పుడతయి?

సూర్యాపేట:

బాగుందనే అర్థంల 'కత్తి' ఈ మధ్య వచ్చిన వాడుక. ఆయనకు ఆ పేరు వచ్చిన్నాడు కత్తి అంటే కత్తే. కాంతారావు మా దిక్కాయనే. 1923ల కోదాడ దగ్గర గుడిబండల పుట్టిండు. మా నాయన తరం వాళ్లు ఆయన సినిమాలు టూరింగ్ టాకీసుల నేల మీద కూసొని చూసిండ్రు. సమాసం సంగతి తెలుగు సార్లు చెప్పాలె.

నల్లగొండ:

చిన్నోడు అడిగింది మంచి ప్రశ్న. లేని మాటను పట్టుకున్నాడు. దీన్ని మధ్యమపదలోపి సమాసం అంటారు. సంస్కృతంలో దీనికి చెప్పే ఉదాహరణ 'శాకపార్థివుడు'. శాకప్రియుడైన పార్థివుడు, అంటే కూరగాయలంటే ఇష్టమున్న రాజు. మధ్యలో ఉండాల్సిన 'ప్రియ' జారిపోయి రెండు చివరలే మిగిలాయి. 'కత్తి పట్టిన కాంతారావు'లో 'పట్టిన' కూడా అట్లాగే పోయింది. విన్నవాడికి ఆ మాట ముందే తెలుసు కాబట్టి చెప్పేవాడు దాన్ని వదిలేశాడు.

వ్యాకరణం అక్కడికి అయిపోయింది. నన్ను పట్టుకున్నది ఇంకోటి. కాంతారావు గారి అసలు ఇంటిపేరు తాడేపల్లి. తాడేపల్లి లక్ష్మీకాంతారావు. ఆ పేరు చెప్తే ఎవరో అనుకుంటారు. 'కత్తి' అంటే చాలు, జయ విజయ (1959), గురువును మించిన శిష్యుడు (1963), జ్వాలాద్వీప రహస్యం (1965) లాంటి జానపదాలు చూసిన తరానికి రాజకుమారుడు కండ్ల ముందుకొస్తాడు. మన భాషలో ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. ఆ ముందు చోటు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ప్రేక్షకులు పుట్టుకతో వచ్చిన ఇంటిపేరును పక్కకు జరిపి, తాము చూసినదాన్ని అక్కడ కూర్చోబెట్టారు.

ఇట్లాంటివి ఎన్ని ఉన్నాయో చూడండి. 1950 నాటి 'షావుకారు'తో షావుకారు జానకి. 1967లో బాపు తొలి సినిమా 'సాక్షి'తో సాక్షి రంగారావు. 1982 'శుభలేఖ'తో శుభలేఖ సుధాకర్. 1986 'సిరివెన్నెల'తో సిరివెన్నెల సీతారామశాస్త్రి. 'అల్లరి'తో నరేష్, 'దిల్'తో రాజు, 'వెన్నెల'తో కిశోర్. చెంబోలు సీతారామశాస్త్రి అని ఎంతమంది అంటారు? సూరావజ్ఝల సుధాకర్ అంటే ఎంతమందికి తెలుస్తుంది?

వీటన్నిటిలో పోయిన మాట ఒకటి కాదు. షావుకారులో 'నటించిన' పోయింది. సిరివెన్నెలలో 'పాటలు రాసిన' పోయింది. దిల్‌లో 'తీసిన' పోయింది. కత్తిలో 'పట్టిన', లేకుంటే 'తిప్పిన', 'దూసిన'. పైకి అన్నీ ఒకటే తీరు, ముందొక నామవాచకం, వెనకొక పేరు. మధ్యలో ఏ క్రియ పెట్టుకోవాలో వ్యాకరణం చెప్పదు. సినిమా చూసినవాడి మనసే చెప్పాలి. ఒక నటుడు, ఒక సినిమా మనతో ఎందుకు ఉండిపోతాయని అడిగితే నాకు తోచే జవాబు ఇక్కడే ఉంది. ఆ పేరు పలికిన ప్రతిసారీ మధ్యలో ఖాళీని మనం నింపుతున్నాం. కథ మరిచిపోతాం, హీరోయిన్ ఎవరో మరిచిపోతాం. ఆ ఒక్క క్రియ మాత్రం మరిచిపోం, ఎందుకంటే అది మన చేతుల్లో పెట్టి పోయినది.

'సుత్తి' సంగతి ఇంకా పెద్దది. జంధ్యాల గారి 'నాలుగు స్తంభాలాట' (1982) తర్వాత ఇద్దరు నటులు సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు అయిపోయారు. వేలు గారి అసలు పేరు కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు. అందులో ఒక్క అక్షరం కూడా జనం నోట్లో మిగల్లేదు. అంతటితో ఆగలేదు, ఆ మాటే భాషలోకి వచ్చింది. 'సుత్తి కొట్టకు' అని ఇవాళ బడిపిల్లలు కూడా అంటున్నారు. ఆ సినిమా పేరు కూడా వినని పిల్లలు. సినిమాను మరిచిపోయినా సినిమా మాట్లాడించిన తీరు నాలుక మీద ఉండిపోయింది. ఒక నటుడికి ఇంతకు మించిన జ్ఞాపకం ఏముంటుందో నాకు తెలియదు.

దేవరకొండ (ఇప్పుడు హైదరాబాద్‌ల ఉంటున్న):

సార్, నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి అయితలేదు. ఇందుల అభిమానం కంటె అవసరమే ఎక్కువున్నదేమో. పాటలు పాడే జానకమ్మ ఒకరు, షావుకారు జానకి ఒకరు, డబ్బింగ్ జానకి ఇంకొకరు. ముగ్గురూ ఒకే రంగంల ఉన్నరు, గుర్తు పట్టాలె గదా. ఊర్లల్ల అంతే. నలుగురు రాములుంటే ఒకరు సైకిల్ రాములు, ఒకరు బొంబాయి రాములు. మన పాలమూరు దిక్కు బొంబయికి వలస పోయొచ్చినోళ్లకు ఆ ఊరి పేరే ఇంటిపేరైతది. దాని వెనక ప్రేమ ఏమున్నది?

నల్లగొండ:

అక్కా, మీరు చెప్పిన అవసరం నిజమే, నేను కాదనను. కానీ గుర్తు పట్టడానికైతే ఇంటిపేర్లు ముందే ఉన్నాయి కదా. శంకరమంచి జానకి, శిష్ట్లా జానకి. తేడా తెలియడానికి అవి చాలు. జనం వాటిని తీసుకోలేదు, 'షావుకారు'ను తీసుకున్నారు. వేరు చేయడానికి ఏ మాటైనా పనికొస్తుంది. ఏ మాట ఎంచుకున్నారు అన్నదే నాకు ముఖ్యం.

కాంతారావు గారినే చూడండి. 1963లో లవకుశలో ఆయన లక్ష్మణుడు, నర్తనశాలలో కృష్ణుడు, శ్రీకృష్ణార్జున యుద్ధంలో నారదుడు. మూడూ ఒకే ఏడాది వచ్చాయి, మూడింటినీ జనం ఆదరించారు. నారదుడుగానైతే మళ్లీ మళ్లీ చూశారు. అయినా 'నారద కాంతారావు' అనలేదు. పౌరాణికాల్లో ఎన్టీఆర్, రంగారావు లాంటి మహానటుల పక్కన ఆయన ఒక పాత్ర. కత్తి పట్టిన జానపదాల్లో ఆ లోకమంతా ఆయనదే. గుర్రం, కోట, మాంత్రికుడు, చెరలో రాజకుమారి, అన్నీ ఆయన గెలవడం కోసమే ఉన్నాయి. నేల టికెట్ కొన్న పిల్లవాడికి తానుగా మారాలనిపించిన కాంతారావు ఆయనే. జనం ఆ ఒక్క రూపాన్ని ఏరుకున్నారు. బొంబాయి రాములు పేరులో కూడా ఊరు ఊరికే ఏరుకోలేదు అక్కా. ఆ మనిషి జీవితంలో అన్నిటికంటే బరువైనది ఏదో ఊరికి తెలుసు. 'బొంబాయి పోయొచ్చిన' అనే మాట మధ్యలో ఉంది, దాన్ని నింపుకునేటప్పుడు ఊరికి ఆ ఇంటి కష్టం కూడా యాదికొస్తుంది.

దేవరకొండ:

ఈ చివరి మాటకు ఒప్పుకుంటున్న సార్. మా మేనమామ గట్లనే పోయొచ్చినాయన.

మహబూబ్‌నగర్:

టీవీల నుంచి వచ్చినవి గూడ కలపాలె. తీన్మార్ మల్లన్న, తీన్మార్ సావిత్రి, జోర్దార్ సుజాత. తర్వాత హైపర్ ఆది, గెటప్ శీను, రాకెట్ రాఘవ, సుడిగాలి సుధీర్. ఇవి గూడ అదే సమాసమా?

నల్లగొండ:

తమ్ముడూ, మొదటి మూడూ అదే కోవ. 'తీన్మార్ వార్తల్లో కనబడిన' అనేది మధ్యలో జారిపోయింది. జోర్దార్ కూడా వార్తల పేరే. తీన్మార్ అంటే మన డప్పు దెబ్బ, ఆ దెబ్బ పేరు కార్యక్రమానికొచ్చింది, కార్యక్రమం పేరు మనిషికొచ్చింది. ఇందులో ఇంకో ముచ్చట కూడా ఉంది. సావిత్రి అనేది ఆ అమ్మాయి అసలు పేరు కాదు, శివజ్యోతి. ఇంటిపేరూ పేరూ రెండూ తెర మీదివే. ఇక తీన్మార్ వార్తల్లోనే కనబడిన బిత్తిరి సత్తి పూర్తిగా వేరు. 'బిత్తిరి' సత్తి గుణాన్ని చెప్పే విశేషణం, మధ్యలో పోయిన మాట ఏదీ లేదు. అది పాత్ర పేరు, చేసినాయన పేరు రవి.

హైపర్ ఆది నుంచి మీరు చెప్పిన జబర్దస్త్ కామెడీ షో పేర్లు చాలావరకు టీములకు పెట్టుకున్నవి. హైపర్, సుడిగాలి లాంటివి మనిషి జోరును చెప్పే మాటలు, విశేషణాల కిందికే వస్తాయి. గెటప్ శీను మాత్రం 'గెటప్పులు మార్చే శీను', అది మధ్యమపదలోపే. తాము పెట్టుకున్న పేరు జనం నోట్లో నిలవాలంటే ఆ మనిషి దాన్ని ప్రతి వారం నిజం చేసి చూపాలి. వీళ్లు చూపారు కాబట్టే నిలిచింది. జనం పెట్టిన పేరుకు ఆ పని ముందే అయిపోయి ఉంటుంది. నాకు జనం పెట్టినదే ఎక్కువ ఇష్టం.

అచ్చంపేట:

సినిమా, టీవీ లేనప్పటి సంగతి గూడ చెప్పుకోవాలె. మా నల్లమల దిక్కు కిన్నెర మొగులయ్య ఉన్నడు. 2022ల పద్మశ్రీ ఇచ్చినప్పుడు సర్కారు కాయితంల దర్శనం మొగిలయ్య అనే ఉన్నది. ఊర్లల్ల దర్శనం అంటే ఎవరికి తెల్వదు, కిన్నెర అంటె అందరికి ఎరుకే. ఆయనది పన్నెండు మెట్ల కిన్నెర, తీగల వాద్యం. సొరకాయ బుర్రలు, వెదురు బొంగు పెట్టి చేస్తరు. దాని మీద పండుగ సాయన్న కథ పాడుతుంటె, ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన మనిషి కథ గాబట్టి, ముసలోళ్లు లేవకుండ కూసునేటోళ్లు. నా సందేహం ఏందంటె, కాంతారావుకు 'పట్టిన' అన్నరు. మొగులయ్యకు 'వాయించిన' అనాల్నా, 'వాయించే' అనాల్నా?

నల్లగొండ:

అన్నా, 'వాయించే' అనాలి. మంచి తేడా పట్టిండ్రు. సినిమా పేర్లన్నిటిలో భూతకాలమే. నటించిన, రాసిన, తీసిన. ఆ పని ఒకసారి జరిగి రీలు మీద ఉండిపోయింది, మనం తిరిగి తిరిగి చూస్తున్నాం. కిన్నెర వాయించేవాడు కూర్చున్న ప్రతిసారీ కథను మొదటి నుంచి పుట్టించాలి. అందుకే 'వాయించే' అనే తద్ధర్మం సరిపోతుంది, చేస్తూ ఉండేవాడు అని. ఆ వాద్యం డక్కలి కులంవాళ్లు తరతరాలుగా కాపాడుకొచ్చినది. వాయించేవాళ్లు తగ్గిపోతే ఆ సమాసాన్ని విడదీసి విగ్రహవాక్యం చెప్పేవాళ్లు కూడా తగ్గిపోతారు. మీ దిక్కు ఇంకా ఎవరైనా వాయిస్తుంటే ఏ మెట్టును ఏమని పిలుస్తారో రాసి పంపండి. ఆ మాటలు నిఘంటువుల్లోకి ఎక్కాలి.

కొల్లాపూర్:

నాది ఒక చిన్న ముచ్చట. మా ఊర్ల చిరుతల రామాయణం ఆడేటోళ్లు. వాలి వేషం కట్టినాయనను ఆట బందయినంక గూడ ఊరంత వాలి అనే పిలిచేది. కొడుకులను 'వాలి కొడుకులు' అనేది. ఆయన అసలు పేరు నాకు ఇప్పటికీ తెల్వదు. ఇది ఏ సమాసం సార్?

నల్లగొండ:

ఇది సమాసం కాదు తమ్ముడూ, రెండో పదమే లేదు. పాత్ర పేరే మనిషి పేరైన బిత్తిరి సత్తి కోవలో చేర్చాల్సింది. వేషం పేరునే మొత్తంగా మనిషి పేరు చేసుకున్నదీ ఊరు. ఇట్లాంటివి మీ మండలంలో ఇంకా ఉంటే రాయండి. ఏ ఆటలో, ఏ వేషానికి వచ్చిందో మాత్రం తప్పకుండా చేర్చండి.