ఆదిలాబాద్ చలికి సైబీరియాను తిట్టడం న్యాయమేనా?

పెన్‌గంగ_రైతుబిడ్డ:
మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె. ఏటా డిసెంబర్ వచ్చిందంటే టీవీలో ఒకటే మాట, "సైబీరియా గాలులు తెలంగాణను వణికిస్తున్నాయి" అని. నిన్న నెగడు దగ్గర కూర్చుని మా బాపు కూడా అదే అన్నాడు. ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించాను. సైబీరియాకూ మనకూ నడుమ మంగోలియా, టిబెట్, ఆపైన హిమాలయాలు. "అంత గోడ దాటి గాలి ఎట్లొస్తది బాపూ?" అంటే, "పక్షులు వస్తలేవా?" అన్నాడు. నోరు మూసుకున్నాను. ఇంతకీ సైబీరియా మీది అధిక పీడనానికీ మన చలికీ నిజంగా చుట్టరికం ఉందా, లేక ఇది టీవీవాళ్ల ఊతపదమా?

నిజామాబాద్_సారు:
ఊతపదం కాదు బాబూ. ముప్పై ఏళ్లు భూగోళం చెప్పి రిటైరైనవాణ్ణి. చలికాలంలో నేల సముద్రం కంటే తొందరగా చల్లారుతుంది. ఆసియా నడిబొడ్డున, అంటే బైకాల్ సరస్సు, మంగోలియా ప్రాంతాల్లో, చల్లబడి బరువెక్కిన గాలి కుప్పపడుతుంది. అదే సైబీరియా అధిక పీడనం. అక్టోబర్‌కల్లా మొదలై జనవరిలో బాగా బలపడి, వేసవికి ముందు సద్దుమణుగుతుంది. గాలి ఎప్పుడూ ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనానికే పోతుంది. ఆ రోజుల్లో తక్కువ పీడనం ఉండేది దక్షిణాన సముద్రం మీద. దారిలో ఉన్నది మనం. ఇందులో వింతేముంది?

ఇర్కుట్స్క్_తెలుగోడు:
అన్నలారా, నేను ఆ కుప్ప కిందే, బైకాల్ సరస్సు దగ్గరి ఇర్కుట్స్క్‌లో ఉన్నాను. ఇక్కడ ఎంబీబీఎస్ నాలుగో ఏడు. మీరు అనుకునేలా ఈదురుగాలి ఏమీ ఉండదు. అధిక పీడనం బాగా దిగిన రోజు ఆకాశం గాజులా ఉంటుంది, ఆకు కదలదు. హాస్టల్ కిటికీలోంచి చూస్తే బాయిలర్ పొగ నిటారుగా లేచి, కొంత ఎత్తుకు పోయాక కప్పుకు తగిలినట్టు అడ్డంగా పరుచుకుంటుంది. కింద చలిగాలి, దాని పైన కొంచెం వెచ్చటి గాలి. ఆ మూత దాటి పొగ పైకి పోలేదు. మొన్న మైనస్ 31. ముక్కులో వెంట్రుకలు గడ్డకడితే తెలుస్తుంది, మైనస్ 20 దాటిందని. థర్మామీటర్ అక్కర్లేదు.

మేఘం_లెక్క:
తమ్ముడు చెప్పిన ఆ "మూత" దగ్గరే అసలు సంగతి ఉంది. సారూ, నమస్కారం. మీరు చెప్పినట్టే సైబీరియా నుంచి మనదాకా గాలి బాణం నేనూ పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ సైబీరియా అధిక పీడనం చూడటానికే భీకరం, మందం మాత్రం తక్కువ. చలిగాలి రెండు మూడు కిలోమీటర్ల మందానికి మించదు. మామూలు పీడనం 1013 హెక్టోపాస్కల్స్ (గాలి పీడనం కొలత) అయితే అక్కడ 1050 మామూలే. 1968 డిసెంబర్ 31న ఆగాతా అనే చోట 1083 దాటింది. అది ప్రపంచ రికార్డుల్లో ఉంది. 1050 అంటే చదరపు మీటరు నేల మీద 370 కిలోల దాకా అదనపు గాలి బరువు. ఇంత బరువైన గాలి నేలను కరుచుకుని పారుతుంది, ఎగిరి గోడ దూకదు. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్ల చిల్లర, దాని అంచున హిమాలయాలు ఇంకా ఎత్తు.

సరే, వాదనకు దూకిందనే అనుకుందాం. కిందికి దిగే పొడి గాలి నొక్కుకుపోయి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. టిబెట్ మీద మైనస్ 15 ఉన్న గాలి 260 మీటర్ల ఎత్తున్న ఆదిలాబాద్‌కు దిగితే 40 డిగ్రీల పైన కలుస్తాయి. మైనస్ 15 కాస్తా 26 అవుతుంది. మీ బాపు నెగడు ఆర్పేసి చొక్కా విప్పాలి.

పెన్‌గంగ_రైతుబిడ్డ:
అక్కా, ఈ లెక్క బాపుకు చెబితే "ఐతే గజగజ వణుకుతున్నది ఎవరు?" అంటాడు. మరి మా దగ్గర తెల్లారి ఉండే 8 డిగ్రీల చలి ఎక్కడినుంచి వచ్చింది?

మేఘం_లెక్క:
చలి ఎక్కడినుంచీ రాలేదు, వేడే ఆకాశంలోకి పోయింది. పగలు నేల పుచ్చుకున్న వేడి రాత్రికి పైకి పోతుంది. గాలిలో తేమ, పైన మబ్బు ఉంటే ఆ వేడిలో కొంత తిరిగి కిందికి వస్తుంది. దుప్పటి లాంటిదన్నమాట. డిసెంబర్, జనవరిలో ఉత్తరాది నుంచి వచ్చే గాలి పొడిది, ఆకాశం శుభ్రం, గాలి ఆడదు, రాత్రి పొడుగు. దుప్పటి లాగేసినట్టే. మన చలి ఇంట్లో వండుకున్నదే.

నిజామాబాద్_సారు:
అమ్మా, ఒప్పుకోను. ఉత్తరపు గాలి మొదలైన రెండు రోజులకే చలి ముదరడం నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నువ్వే "ఉత్తరాది నుంచి పొడిగాలి" అన్నావు. ఆ ఉత్తరాదికి చలి ఎవరిచ్చారు?

మేఘం_లెక్క:
మంచి ప్రశ్న సారూ, తప్పించుకోను. మధ్యధరా వైపు నుంచి వెస్టర్న్ డిస్టర్బెన్స్ (పడమటి నుంచి కదిలివచ్చే అల్పపీడనం లాంటిది) వచ్చి కశ్మీర్, హిమాచల్‌లో మంచు కురిపించి పోతుంది. దాని వెనకాలే వాయవ్యం నుంచి చల్లటి పొడిగాలి పంజాబ్, ఢిల్లీ, మధ్యప్రదేశ్ మీదుగా మనదాకా జారుతుంది. ఆ గాలి ఇరాన్, అఫ్ఘానిస్థాన్ వైపు నుంచి వచ్చింది. అక్కడ కొండలు హిమాలయాలంత గోడ కాదు. సైబీరియా అధిక పీడనం పడమటికి చెయ్యి చాచినప్పుడు మధ్య ఆసియా చలి కొంత ఆ దారిన చేరుతుంది. కాబట్టి చుట్టరికం లేదని అనను. కానీ మేనమామ కాదు, మేనమామ తోడల్లుడి వరస. టీవీలో మాత్రం సొంత అన్నదమ్ముడిలా చెబుతున్నారు.

టెక్కలి_కుర్రోడు:
పక్షుల మాట వచ్చింది కాబట్టి. మా తేలినీలాపురంలో గూళ్లు పెట్టే పక్షుల్ని కూడా అందరూ సైబీరియా పక్షులే అంటారు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఆ రెండు జాతులూ భారతదేశంలో పుట్టి పెరిగేవే. దూరం నుంచి వచ్చిందేదైనా మనకు సైబీరియాయే. (మంగోలియా నుంచి హిమాలయాలు దాటి వచ్చే పట్టీతల బాతులు వేరే ఉన్నాయి లెండి. వాటికి రెక్కలున్నాయి, చలిగాలికి లేవు.)

చింతపల్లి_కాఫీ:
మేఘం గారు చెప్పింది మా తోటలో కళ్లారా చూస్తాం. లంబసింగి దగ్గర మాకు వాలులో కాఫీ, కింద గెడ్డ పక్కన రెండెకరాల మడి. జనవరిలో తెల్లారుజామున మడిలో గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా మంచు పేరుకుంటుంది. నలభై అడుగులు పైకి ఎక్కితే కాఫీ ఆకు మీద తడే ఉంటుంది, మంచు ఉండదు. చలి బయటినుంచి వచ్చిందే అయితే ముందు పైవాలును కొట్టాలి కదండీ? చల్లబడిన గాలి బరువెక్కి నీళ్లలా పల్లానికి దిగి మడిలో నిలబడుతుంది. అందుకే మా నాన్న మడి పక్కన కాఫీ మొక్క పెట్టనివ్వలేదు. టూరిస్టులు మాత్రం "వావ్, సైబీరియా" అని సెల్ఫీలు దిగి పోతున్నారు.

సింగపూర్_వదిన:
అసలు సైబీరియా గాలి రుచి చూడాలంటే ఇటు రండి. పదేళ్లు హాంకాంగ్‌లో ఉన్నాం, ఇప్పుడు సింగపూర్. హాంకాంగ్ దాదాపు కోల్‌కతా అక్షాంశం మీదే ఉంది. 2016 జనవరి 24న అక్కడ 3.1 డిగ్రీలు. మా పాపకు స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసినా పళ్లు టకటకలాడాయి. తెలంగాణ చలితో పోలిస్తే తేడా ఒక్కటే. మధ్యాహ్నమైనా చలి తగ్గదు! గాలి కోస్తూనే ఉంటుంది. అటువైపు గోడ లేదు. టిబెట్ తూర్పు అంచు వెంబడి చైనా మైదానాల మీదుగా చలిగాలి తిన్నగా సముద్రం దాకా దిగిపోతుంది.

సింగపూర్ చేరేసరికి అది వెచ్చటి సముద్రం మీద తేమ తాగి వానగా మారుతుంది. ఇక్కడి వాతావరణ శాఖ దాన్ని "మాన్సూన్ సర్జ్" అంటుంది. రెండు మూడు రోజులు ఆగకుండా వాన. 22 డిగ్రీలకే జనం జాకెట్లు తీస్తారు, మాకు నవ్వొస్తుంది.

మేఘం_లెక్క:
వదినగారు చెప్పిందే నా దృష్టిలో అసలు పరీక్ష. బయటినుంచి తరుముకొచ్చిన చలి పగలూ రాత్రీ ఉంటుంది. ఇంట్లో పుట్టిన చలి పొద్దెక్కితే పోతుంది. ఆదిలాబాద్‌లో తెల్లారి 8 ఉన్న రోజున మధ్యాహ్నం 27, 28 ఉంటుంది. అంత తేడా ఎందుకొస్తుందో ఆలోచించండి.

పెన్నా_ఒడ్డు:
చలి గోల సరే, మాకు నెల్లూరులో కావలసింది వాన. మా ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలదే. దానికైనా సైబీరియాకు దణ్ణం పెట్టాలా, వద్దా?

నిజామాబాద్_సారు:
పెట్టాలి! నా బాణం అంతా తప్పు కాదని ఇక్కడ తేలుతుంది. సింగపూర్ అమ్మాయి చెప్పిన గాలే దక్షిణ చైనా సముద్రం మీద ఈశాన్యం నుంచి ఉధృతంగా వీస్తుంది. అక్కడ పుట్టిన సుడులు కొన్ని మలయా ద్వీపకల్పం దాటి అండమాన్ సముద్రంలోకి వచ్చి, వాయుగుండమై మన తీరానికి వస్తాయి. సైబీరియా నీ ఇంటికి ఉత్తరం గుమ్మంలోంచి రాలేదు, తూర్పు గుమ్మంలోంచి వచ్చింది. అంతే తేడా.

మేఘం_లెక్క:
ఇక్కడ సారుకు సగం మార్కులు ఇస్తాను (మీరే నాకు ఇవ్వాల్సింది!). ఆ దారి నిజమే. కానీ అధిక పీడనం బలపడితే నెల్లూరుకు వాన పెరుగుతుందని తిన్నగా గీత గీయలేం. అదే కాలంలో ఉత్తరం నుంచి పొడిగాలి బంగాళాఖాతంలోకి దిగి, తీరానికి వస్తున్న తుఫానులోకి చొరబడి దాన్ని నీరుగార్చడమూ చూస్తుంటాం. పైగా బంగాళాఖాతం మీది ఈశాన్య గాలికి మన దేశం మీద, మయన్మార్ మీద చల్లబడిన నేల కూడా కారణమే. ఎవరి వాటా ఎంత అన్నది తెగే పంచాయితీ కాదు.

పెన్నా_ఒడ్డు:
అంటే సగం దణ్ణం. సరే.

నిజామాబాద్_సారు:
సగం మార్కులకు రీవాల్యుయేషన్ అడుగుతాను. 1946 జనవరి 8న హైదరాబాద్‌లో 6.1 డిగ్రీలు నమోదైంది, నగరం రికార్డు అదే. ప్రతి చలికాలమూ ఆకాశం శుభ్రంగానే ఉంటుంది కదమ్మా, మరి ప్రతి ఏడూ 6.1 ఎందుకు రాదు? ఇంట్లో వండుకున్నదైతే రుచి రోజూ ఒకేలా ఉండాలి.

మేఘం_లెక్క:
అది న్యాయమైన దెబ్బ. వంట ఇంటిదే, బియ్యం ఒక్కోసారి బయటినుంచి వస్తాయి. రికార్డు చలికి ఆ రెండూ కలవాలి. ముందు వాయవ్యం నుంచి బాగా చల్లటి పొడిగాలి దిగాలి, తర్వాత గాలి నిలిచిపోయి ఆకాశం శుభ్రంగా ఉండాలి.

పెన్‌గంగ_రైతుబిడ్డ:
మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చాను. బంగాళాఖాతంలో అల్పపీడనమట, నిన్న సాయంత్రం నుంచి మబ్బు పట్టింది. మొన్న తెల్లారి శనగ చేను గట్టు మీద నా థర్మామీటర్ 9 చూపింది. ఇయ్యాల అదే గట్టు మీద, అదే టైముకు 16. బాపుకు చూపించి, "మబ్బు దుప్పటి కప్పింది, సైబీరియాలో ఏం మారలేదు" అన్నాను. చాలాసేపు థర్మామీటర్ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆఖరికి, "ఐతే టీవీకి ఫోన్ చేసి చెప్పు, ఇయ్యాల సైబీరియా లీవుల ఉన్నదని" అన్నాడు. నెగడుకు తెచ్చిన కట్టెలు మాత్రం సగం తిరిగి కొట్టంలో పెట్టాడు.