అప్‌డేట్: మా ఆఫీసులో ఉత్తరం, దక్షిణం గొడవ

ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న మా లీడ్స్ ఆఫీసులో, ఆ ప్రాంతం (యార్క్‌షైర్) వాడే అయిన సీనియర్, దక్షిణాన లండన్ నుంచి వచ్చినావిడ రోజూ మాటలు విసురుకుంటున్నారు, నేనేం చెయ్యాలని అడిగాను కదా. "కల్పించుకోకు, అది సరదా" అన్నారు మీరంతా. నిజమేనండీ.

మొన్న ఆయన ఉత్తరాది అలవాటు కొద్దీ చిప్స్ (వేయించిన బంగాళాదుంప ముక్కలు) మీద వేడి గ్రేవీ ధారగా పోసుకుంటుంటే ఆవిడ మొహం తిప్పుకుంది. ఆయన ఒక చిప్ ముంచి ఆవిడ ప్లేటులో పెట్టాడు. తినేసింది! స్నానానికి వాడే ఇంగ్లీషు మాట పలకడం దగ్గర మాత్రం రాజీ లేదు: ఆయనది "బ్యాత్", ఆవిడది "బాత్". ఆయన "టీకి రండి" అంటే రాత్రి భోజనానికని నాకు విడమరిచి చెప్పింది కూడా ఆవిడే.

పోయిన వారం ఆవిడ తల్లికి బాగోలేదంటే, పనంతా తన నెత్తినేసుకుని, లండన్ కింగ్స్ క్రాస్ స్టేషనుకెళ్లే రైలు ఎక్కించి వచ్చాడు. నిన్న తిరిగొచ్చింది. అమ్మ కులాసానేనని వినగానే ఆయన, "అక్కడ బస్టాపులో ఒక్కరైనా పలకరించారా?" అని, లండన్ వాళ్లు కొత్తవాళ్లతో మాట్లాడరన్న ఎత్తిపొడుపు మళ్లీ మొదలెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.