ఒక పీఈఎస్‌లో ఎన్ని ఆడియో ఫ్రేములు? ప్రభల తీర్థం లైవ్‌లో డప్పు ఎందుకు తెగింది?

అమలాపురం కంట్రోల్ రూమ్:
కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం లైవ్ ఇచ్చాం. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువలో దిగేదాకా అంతా బాగానే ఉంది. భుజాల మీద ప్రభ, చుట్టూ నీళ్లు చిమ్ముతూ జనం, ‘శరభ శరభ’ అని ఒకటే కేక. టీవీ ముందు కూర్చున్నవాళ్లు ఏడాదంతా ఎదురుచూసేది ఆ కాసేపటి కోసమే. సరిగ్గా అప్పుడే డప్పు మధ్య మధ్యలో టక్కుమని తెగడం మొదలైంది. పాత సెట్‌టాప్ బాక్సులున్న ఇళ్ల నుంచి వరసగా ఫోన్లు. మా ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్ పెట్టి వింటే మాత్రం ఒక్క చిటుకూ లేదు.

మా ఆడియో ఎంపెగ్ లేయర్ 2, 192 కిలోబిట్లు, 48 కిలోహెర్ట్జ్. పండక్కి వారం ముందు ఒక మార్పు చేశాం. అంతకుముందు ఫ్రేముకో (ఫ్రేము అంటే ఎన్‌కోడర్ ఒక్కసారి కట్టే చిన్న ఆడియో ముక్క) పీఈఎస్ ప్యాకెట్, అంటే హెడర్ తగిలించిన మూట, కట్టేవాళ్లం, ఇప్పుడు ఐదేసి ఫ్రేములు కలిపి ఒకటి కడుతున్నాం. తప్పు దీనిదేనా? మా దగ్గర ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నారు.

భీమవరం ఎన్‌కోడర్:
దీనిదేనండీ, అనుమానం అక్కర్లేదు. మీ ఫ్రేము 24 మిల్లీసెకన్లు, 576 బైట్లు. ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ ప్రమాణంలో స్టీరియో ఆడియోకి డీకోడర్ దగ్గర ఉండే ప్రధాన బఫర్ (డేటా కాసేపు ఆగే చోటు) 3584 బైట్లు. అంటే ఆరు ఫ్రేములు, పైన కొసరు. అందులో ఇంకా రెండు ఫ్రేములు మిగిలి ఉండగా మీరు ఐదు ఒకేసారి తోశారనుకోండి, 4032 బైట్లవుతుంది. పొంగక ఏమవుతుంది? వీఎల్‌సీ తన దగ్గర సెకను పాటు డేటా దాచుకుని ఆడిస్తుంది కాబట్టి దానికి తెలియదు. పాత బాక్సుకి అంత చోటు ఎక్కడిది? ఫ్రేముకో పీఈఎస్ కట్టండి, హాయిగా పడుకోండి.

కాకినాడ మక్స్:
అన్నా, ఆ హాయికి ఎంత ఖర్చవుతుందో కూడా చెప్పాలి కదా. 576 బైట్ల ఫ్రేముకి పీటీఎస్‌తో (ఎప్పుడు వినిపించాలో చెప్పే టైము గుర్తు) కలిపి 14 బైట్ల హెడర్, మొత్తం 590. కేబుల్ మీద వెళ్లే ఒక్కో టీఎస్ (ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్) ప్యాకెట్ 188 బైట్లు, అందులో సరుకు పట్టేది 184 బైట్లే కాబట్టి నాలుగు ప్యాకెట్లు కావాలి. ఆఖరి దానిలో 146 బైట్లు ఉత్త స్టఫింగ్. ఇలా కడితే 192 కిలోబిట్ల ఆడియో కేబుల్ మీద 250 అవుతుంది. ఐదు కలిపితే 2894 బైట్లు, పదహారు ప్యాకెట్లలో దాదాపు నిండుగా కూర్చుంటుంది, 200 కిలోబిట్లతో సరిపోతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌గా పెట్టుకున్న 2930 బైట్ల లెక్క కూడా ఈ పదహారు ప్యాకెట్లదే. ఇరవై ఛానళ్లున్న చోట మిగిలేది ఒక మెగాబిట్. 64 క్వామ్‌లో (కేబుల్ మీద సిగ్నల్ పంపే పద్ధతి) 38 మెగాబిట్లతో నెట్టుకొచ్చేవాళ్లకి అది చిన్నది కాదు.

పైగా మూట పెద్దదైనంత మాత్రాన ఒకేసారి దింపాలని ఎక్కడా లేదు. ఎన్ని ఫ్రేములు కడుతున్నాం అన్నది ఒక లెక్క, ఎంత తెరిపితో వదులుతున్నాం అన్నది ఇంకో లెక్క. ముందు రికార్డు తీసి చూడమనండి.

పాలకొల్లు లైవ్:
ఇంకో సంగతి. ఆడియో పీఈఎస్ హెడర్‌లో పొడవు ముందే రాయాలి. కాబట్టి ఐదు ఫ్రేములూ చేతికొచ్చేదాకా మక్సర్ (ఆడియో, వీడియో ప్యాకెట్లను ఒకే వరసలో కలిపే పెట్టె) మొదటి బైటు కూడా వదలలేదు. 120 మిల్లీసెకన్లు అక్కడే పోతాయి. పీటీఎస్ కూడా ఆ ఐదింటికీ కలిపి ఒక్కటే.

అమలాపురం కంట్రోల్ రూమ్:
రికార్డు తీసి చూశానండీ. ఆడియో పిడ్ (ఏ ప్యాకెట్ దేనిదో చెప్పే నంబరు) ఉన్న ప్యాకెట్ల వరస నంబర్లు మాత్రమే కాగితం మీద రాసుకున్నాను. గుడి దగ్గర, తోటలో షాట్లలో చక్కగా ఎడం ఎడంగా వస్తున్నాయి. కెమెరా కాలువ మీదకి తిరగ్గానే, ఎగిరే నీళ్లు, కదిలే తలలు, వీడియో ఒక్కసారిగా బరువెక్కింది. అక్కడ వంద మిల్లీసెకన్లకు పైగా ఆడియో ప్యాకెట్ ఒక్కటి లేదు. ఆ వెంటనే పదహారూ వరసగా, మధ్యలో ఒక్క వీడియో ప్యాకెట్ కూడా లేకుండా దిగాయి. ఫోన్లొచ్చిన టైములూ ఇవీ కలుస్తున్నాయి. మక్సర్‌లో వీడియోకి ముందు వరస ఇచ్చి ఉంది. అది మేం పెట్టిందే.

కాకినాడ మక్స్:
దొరికింది. అయితే భీమవరం అన్న చెప్పిన 3584 దాకా కథ వెళ్లనే లేదు. వంద మిల్లీసెకన్ల పాటు ఏమీ రాకపోతే ప్రధాన బఫర్ చాలావరకు ఖాళీ అయ్యే ఉంటుంది. దాని ముందు 512 బైట్ల చిన్న ట్రాన్స్‌పోర్ట్ బఫర్ ఉంటుంది, ఆడియోకి అది సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున మాత్రమే కిందికి వదులుతుంది. 38 మెగాబిట్ల వేగంతో ప్యాకెట్లు వరసగా వస్తే మూడోది పూర్తయ్యేసరికి 564 బైట్లు వచ్చిపడతాయి, అప్పటికి కిందికి పోయింది ముప్పై బైట్లే. మూడో ప్యాకెట్ దగ్గరే పొంగిపోయింది.

మన శివారు చేలల్లో చూసేదే ఇది. మడి ఎండి ఉంటుంది, పైన లాకు దగ్గర నీళ్లన్నీ ఒక్కసారి వదిలేస్తారు, బోదె గట్టు తెగుతుంది. మడికి చుక్క అందదు. ఒక్క టీఎస్ ప్యాకెట్ ఆ బోదె దాటడానికి 0.75 మిల్లీసెకను కావాలి, అంటే మీ మక్స్‌లో దాదాపు పంతొమ్మిది ప్యాకెట్ల ఎడం.

భీమవరం ఎన్‌కోడర్:
బోదె లెక్క ఒప్పుకుంటాను తమ్ముడూ, నేను మడి దగ్గరే ఆగిపోయాను. కానీ నా మాట పూర్తిగా వదులుకోను. మా దగ్గరున్న పాత మక్సర్లలో ఎడం పెట్టే సెట్టింగే లేదు. అలాంటి చోట ఐదు కలిపితే పదహారు ప్యాకెట్ల గుంపు, ఒక్కటే కడితే నాలుగు. నాలుగు కూడా వరసగా వస్తే మీ లెక్క ప్రకారం తప్పే, కాని పోయేది ఒక్క ఫ్రేము. ఇంట్లో పెద్దావిడ డప్పు వింటున్నప్పుడు ఒక ఫ్రేము పోవడం వేరు, ఐదు పోవడం వేరు.

పాలకొల్లు లైవ్:
మరి మూడు కడితే? 1742 బైట్లు, పది ప్యాకెట్లు, 209 కిలోబిట్లు. ఐదుతో పోలిస్తే తేడా ఎనిమిదే. మక్సర్ ఆగేది కూడా 72 మిల్లీసెకన్లే. లాభమంతా రెండు మూడు ఫ్రేముల దగ్గరే వచ్చేస్తోంది, ఆ పైన ఆశపడటం దేనికి?

అమలాపురం కంట్రోల్ రూమ్:
మూడే పెట్టాం. అంతకన్నా ముఖ్యంగా వీడియోకి ఇచ్చిన ముందు వరస తీసేసి, ఆడియో ప్యాకెట్ 7.2 మిల్లీసెకన్లకొకటి చొప్పున కదిలేలా కట్టాం. ఎడం పెట్టలేని మక్సర్ అయితే మాత్రం భీమవరం గారి మాటే నేనూ వింటాను. గోదారి పిల్లలు కాలువలో దూకే పాత టేపు ఒకటి గంట సేపు తిప్పి చూశాం, తెగలేదు. అంతర్వేది రథోత్సవం లైవ్ ఉంది. ఈసారి కంట్రోల్ రూమ్‌లో ల్యాప్‌టాప్ పక్కన, ఫోన్ చేసిన ఇళ్ల నుంచే అడిగి తెచ్చిన రెండు పాత బాక్సులు పెడుతున్నాం. ఏమైందీ భీష్మ ఏకాదశి రాత్రి ఇక్కడే రాస్తాను.