వీల్‌చెయిర్‌లో ఆఫ్రికా అడవిలో టెంట్ సఫారీ: వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

తెనాలి_పద్మ
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి బైకు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతింది, టీ10 దగ్గర (ఛాతీ వెనక పూసల్లో పదోది). చేతులు బలంగా ఉన్నాయి, మంచం మీంచి కుర్చీలోకి తనే మారతాడు. చిన్నప్పటి నుంచి జంతువులంటే ప్రాణం. లాడ్జి వరండాలో కూర్చుని చూసి వచ్చేయడం వాడికి ఇష్టం లేదు. "టెంట్‌లో పడుకుని రాత్రిపూట సింహం అరుపు వినాలక్కా" అంటాడు. ట్రావెల్ ఏజెంట్లందరూ 'వీల్‌చెయిర్ ఫ్రెండ్లీ' అనే అంటున్నారు గానీ, బాత్రూమ్ తలుపు వెడల్పెంతని అడిగితే జవాబు రావడం లేదు. వీల్‌చెయిర్‌తో నిజంగా టెంట్లలో ఉండి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా రాయండి. ఏ దేశం, ఏ నెల, మరుగుదొడ్డి సంగతేమిటి, బండి ఎక్కడం ఎలా, అన్నీ కావాలి.

మౌలాలి_శ్రీధర్
పద్మగారూ, నాది టీ6, అంటే మీ తమ్ముడికంటే పైపూస. బోట్స్వానాలో మావున్ అనే ఊరి నుంచి బయల్దేరి మొరేమీ, ఖ్వాయ్, ఆ తర్వాత చోబే అడవులు చూశాను, అంతా టెంట్లలోనే. మీ తమ్ముడి కోరిక ముమ్మాటికీ తీరేదే.

చాలామంది తలకిందులుగా అనుకునే విషయం ఒకటుంది. ఖరీదైన లాడ్జి సుళువు, టెంట్ కష్టం అనుకుంటారు. ఒకవాంగో డెల్టాలో (అక్కడి నది పాయలుగా పరుచుకునే చిత్తడి నేల) చాలా లాడ్జిలు నేలకి ఎత్తుగా చెక్కల మీద కట్టినవి. నడవా బాగానే ఉంటుంది, గది గుమ్మంలోనో భోజనాల దగ్గరో రెండు మెట్లు తగులుతాయి. అదే కదిలే క్యాంపు అయితే మనకంటే ముందే సిబ్బంది వెళ్లి చదునైన నేల చూసి, మన కొలతలకి తగ్గట్టు వేస్తారు. టెంట్ గుమ్మం నేలకి సమానం. నిలబడి తిరిగేంత ఎత్తు, మంచం చుట్టూ కుర్చీ తిప్పుకునేంత చోటు. వెనకవైపు తెర తీస్తే అక్కడే మరుగుదొడ్డి, స్నానం. గుంట మీద కమోడ్ ఫ్రేమ్ పెడతారు, దాని పక్కన చేతులు ఆనించుకునే కమ్మీలు ఉండాలని ముందే రాయండి. స్నానం అంటే చెట్టుకొమ్మకి వేలాడదీసిన బకెట్టు, కింద షవర్ తల. వేణ్నీళ్లు పోసి పెడతారు, మీరు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తాడు లాగితే నీళ్లు పడతాయి.

కుషన్‌తో కలిపి కుర్చీ ఎత్తు, మొత్తం వెడల్పు, మడిచినప్పటి కొలత, బరువు, ఈ నాలుగూ సెంటీమీటర్లలో, కిలోల్లో పంపండి. మంచం ఎత్తు కుషన్ ఎత్తుకి దగ్గరగా ఉండాలని అడగండి. అవతలివాళ్లు వెంటనే మళ్లీ ప్రశ్నలు వేస్తే వాళ్లకి పని తెలుసని నమ్మొచ్చు. 'నో ప్రాబ్లమ్' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే వదిలేయండి.

బండి సంగతి: మామూలు సఫారీ ల్యాండ్‌క్రూజర్లు చాలా ఎత్తు, పక్కన ఎక్కే మెట్లు నిచ్చెనలా ఉంటాయి. హైడ్రాలిక్ లిఫ్ట్ ఉన్న బండి కావాలని అడగాలి. కుర్చీలోనే కూర్చుని వెళ్తారా, బండి సీటులోకి మారతారా అన్నది ముందే తేల్చుకోండి. కుర్చీలోనే అయితే నాలుగు మూలలా బిగించే పట్టీలు, నడుముకీ భుజానికీ బెల్టు ఉండాలి. గతుకుల్లో అది లేకపోతే ప్రమాదం. బోట్స్వానాలో ఎండెవర్ సఫారీస్‌వాళ్లు ఇలాంటి క్యాంపులు నడుపుతారని పేరుంది, దక్షిణాఫ్రికాలో ఎపిక్ ఎనేబుల్డ్‌వాళ్లకి లిఫ్ట్ ఉన్న ట్రక్కు ఉంది. ఇద్దరికీ రాసి పోల్చి చూసుకోండి.

గాబరోన్_వేణు
నేను బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో ఉద్యోగం చేస్తున్నాను, సెలవలకి ఉత్తరం వైపు వెళ్తుంటాం. శ్రీధర్‌గారు చెప్పినదానికి ఇసుక గురించి కలపాలి. ఇది కలహారీ ఇసుక, మెత్తగా, లోతుగా ఉంటుంది. వీల్‌చెయిర్ ముందు చిన్న చక్రాలు వెంటనే దిగబడిపోతాయి. మావున్ నుంచి మొరేమీ దక్షిణ గేటు సుమారు వంద కిలోమీటర్లే, కానీ షొరోబే దాటాక తారు ఉండదు, గంటల తరబడి కుదుపులు. ఖ్వాయ్ నుంచి సవూతీ మీదుగా చోబే నది ఒడ్డున ఉన్న కసానే ఊరికి వెళ్లే దారి ఇంకా కష్టం, ఇసుక గట్లు దాటాలి. నడుము కింద స్పర్శ లేనివాళ్లు ఆ ముక్కకి చిన్న విమానం మాట్లాడుకోవడం మేలని నా అభిప్రాయం.

మొరేమీ గురించి ఒక మాట. 1963లో బాతవానా ప్రజలు తమ సొంత నేలని వేట నుంచి కాపాడుకోవడానికి ఏర్పాటు చేసుకున్న అభయారణ్యం అది. అక్కడి గైడ్లలో చాలామంది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. తమ్ముడు వాళ్లతో కూర్చుని మాట్లాడేలా చూడండి, అడుగుజాడలు చూసి చిరుత ఎటు పోయిందో చెబుతారు. బండి దిగనక్కర్లేకుండా తలుపు పక్కనే ఆపి చూపిస్తారు.

నెల్లూరు_సుజాత
నాకు పోలియో. ఒక కాలికి క్యాలిపర్, దూరమైతే వీల్‌చెయిర్. ఇసుకకి ఫ్రీవీల్ అనే పెద్ద చక్రం దొరుకుతుంది, కాళ్లు పెట్టుకునే పలకకి బిగిస్తే ముందు చిన్న చక్రాలు గాల్లోకి లేస్తాయి. మడిచే కుర్చీలకి విడిగా అడాప్టర్ కావాలి. క్యాంపులో టెంట్ నుంచి నెగడు దాకా రబ్బరు చాపలు పరవమని అడిగాను, పరిచారు. దానివల్ల రాత్రి భోజనానికి నా అంతట నేనే వెళ్లగలిగాను. ఇంట్లోవాళ్లు తోస్తే వెళ్లడానికీ దీనికీ ఎంత తేడా ఉందో ఇక్కడ చాలామందికి తెలుసు.

ఇంకోటి, తుమ్మముళ్లు. అక్కడి అకేసియా ముళ్లు మన నల్లతుమ్మకి అన్నలు. గాలి టైర్లయితే ట్యూబులో సీలెంట్ (పంక్చర్ పూడ్చే ద్రవం) పోయించండి, లేదా ప్రయాణం మట్టుకు సాలిడ్ టైర్లు వేయించండి. సాలిడ్ టైర్ల మీద కుదుపు ఎక్కువ, అందుకని నేను సీలెంటే పోయించాను.

మొకోరో కూడా ఎక్కాను! గెడతో నడిపే సన్నటి దోనె అది. ఇప్పుడు చాలావరకు ఫైబర్‌వి. సీటు దాదాపు అడుగునే ఉంటుంది, నడుముకి ఆన్చుకోవడానికి వీపుపలక పెడతారు. ఇద్దరు మనుషులు ఎత్తి దించారు. నీటిమట్టానికి మన కళ్లు కాస్తంత ఎత్తులో, చుట్టూ కలువపూలు. మీ తమ్ముడికి నడుము నిలకడ ఉంటే తప్పక ఎక్కించండి. వద్దనుకుంటే కసానే దగ్గర చోబే నదిలో అడుగు చదునుగా ఉండే పెద్ద పడవలు తిరుగుతాయి, కొన్నింటిలోకి కుర్చీతోనే వెళ్లొచ్చు. ఏనుగులు నది దాటుతుంటే పడవలోంచి చూడటానికి ఎవరి కాళ్లతోనూ పనిలేదు.

రీహాబ్_నర్స్_విశాఖ
వెన్నుపూస గాయాలవాళ్లతోనే నా పని, కాబట్టి అడవి అందాల గురించి కాకుండా ఇవి రాస్తున్నాను, దయచేసి చదవండి.

పుండ్లు. సఫారీలో రోజూ ఏడెనిమిది గంటలు బండిలో గడుస్తాయి. కుదుపులతో చర్మం రాసుకుంటుంది. బండి సీటులోకి మారినా తన కుషన్ దాని మీదే వేసుకోవాలి. ప్రతి పావుగంటకో అరగంటకో చేతుల మీద లేచి బరువు తీయాలి, గైడుకి ముందే చెప్పి బండి ఆపించుకోండి. రాత్రి టెంట్‌లో టార్చి వేసి, అద్దంతో తుంటి, పిరుదులు, మడమలు చూసుకోవాలి. ఎర్రదనం పోకుండా ఉంటే మర్నాడు సఫారీ మానేసి బోర్లా పడుకోవడమే. గాలి కుషన్ అయితే విమానం దిగాక, ఎత్తు మారాక గాలి సరిచూడండి.

ఎండ. టీ6, ఆ పైన గాయం ఉన్నవాళ్లకి గాయం కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒళ్లు వేడెక్కిపోతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో జంతువులు నీటిగుంటల దగ్గర బాగా కనిపిస్తాయని ఏజెంట్లు అప్పుడే రమ్మంటారు. అక్టోబరులో అక్కడ మన రోహిణీ కార్తె ఎండే. మెడ దగ్గర గాయం ఉన్నవాళ్లని అప్పుడు పంపకండి. టీ10కి అంత భయం లేదు, అయినా నీళ్ల స్ప్రే సీసా, తడి తువ్వాలు దగ్గరుండాలి.

మూత్రం. ఎండాకాలం మాట అటుంచి, బండి ఆపమనడానికి మొహమాటపడి నీళ్లు మానేస్తారు. అలా చేస్తే ఇన్ఫెక్షన్ ఖాయం. క్యాథెటర్లు రోజుకి కావాల్సినవాటికి రెట్టింపు పెట్టుకోండి, సగం చేతిసంచిలో, సగం పెద్ద సంచిలో. డాక్టరుగారిని అడిగి యాంటీబయోటిక్ ఒక కోర్సు వెంట ఉంచుకోండి. శ్రీధర్‌గారూ, టీ6 అన్నారు కాబట్టి మీలాంటివాళ్ల కోసం: ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడటం, పైభాగంలో చెమటలు వస్తే బీపీ ప్రమాదకరంగా పెరుగుతోందని అర్థం. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, క్యాథెటర్ ట్యూబు మెలిక పడిందేమో, మూత్రాశయం నిండిందేమో చూడాలి. ఈ సంగతి గైడుకి మొదటిరోజే నేర్పండి.

మలేరియా మాత్రలు తప్పనిసరి. డాక్సీసైక్లిన్ వేసుకుంటే ఎండకి చర్మం త్వరగా కమిలిపోతుంది, స్పర్శ లేని కాళ్ల మీద ఎండ పడితే తెలియదు. పొడుగు ప్యాంటు వేయండి.

మౌలాలి_శ్రీధర్
సిస్టర్‌గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను గైడుకి చూపించాను, అతను తన పుస్తకంలో రాసుకున్నాడు కూడా.

హనుమకొండ_కవిత
మావారికి సీ6, అంటే మెడ పూస. టెంట్ల జోలికి పోలే మేము, దక్షిణాఫ్రికాల క్రూగర్ పార్కుకి పోయినం. సర్కారు నడిపే క్యాంపులు కంచె లోపల ఉంటయి. స్కుకుజా, లోయర్ సాబీ, బెర్గ్-ఎన్-డాల్, లెటాబా లాంటి చోట్ల వీల్‌చెయిర్‌కి తగ్గ గుడిసెలున్నయి, తారురోడ్డు కూడా చానా దూరం ఉంటది. మెడ దగ్గర దెబ్బ తగిలినోళ్లకి ఇదే మంచిదని నేను గట్టిగ చెప్త. కుదుపు తక్కువ, దవాఖాన దగ్గర, చీకటి పడకముందే గేటు లోపలికి రావాలె గాబట్టి రాత్రి పూర్తిగ విశ్రాంతి. బెర్గ్-ఎన్-డాల్ల కంచె పొంటి చూపులేనోళ్ల కోసం తాడు కట్టి, బ్రెయిలీ పలకలు పెట్టిన దారి ఉంది, అది చూసి మస్తు సంతోషమైంది. నమీబియాల ఎటోషా పార్కు ఒకౌకుయేజో క్యాంపుల గూడ రాత్రి లైట్లేసిన నీటిగుంట ఉంటది, ఖడ్గమృగాలు వచ్చి తాగిపోతయి. కుర్చీల కూసొనే చూడొచ్చు.

మౌలాలి_శ్రీధర్
కవితగారూ, సీ6కి మీ మాటే సరైనది. టీ10కి మాత్రం కంచె లేని క్యాంపే నా ఓటు. రాత్రి హైనాలు టెంట్ పక్కనుంచి పోతాయి, నీటి ఒడ్డున ఉంటే హిప్పోలు మేస్తాయి. జిప్ మూసి లోపల ఉంటే భయం లేదు. కుర్చీని మాత్రం బయట వదలొద్దు, హైనాలు తోలు, రబ్బరు ఏదైనా కొరుకుతాయి. గైడుని పిలిచేందుకు ఈల గానీ హారన్ గానీ ఇస్తారు, అది మంచం మీంచి చేతికి అందేలా పెట్టుకోవాలి.

తెనాలి_పద్మ
అందరికీ రెండు చేతులా దండాలు. తమ్ముడు పక్కనే కూర్చుని చదువుతున్నాడు. వాడి ప్రశ్నలు రెండు. వాడి కుర్చీకి తగిలించుకునే బ్యాటరీ మోటారు ఉంది, విమానంలో రానిస్తారా? ఎల్లో ఫీవర్ టీకా కావాలా?

గాబరోన్_వేణు
మోటారు: తీసేయగలిగే లిథియం బ్యాటరీ అయితే 300 వాట్-అవర్ల వరకు సాధారణంగా అనుమతిస్తారు, విడదీసి క్యాబిన్‌లోకి తెచ్చుకోవాలి. బ్యాటరీ మీద ఆ అంకె స్పష్టంగా కనబడాలి. విమాన సంస్థకి ముందే రాసి, ఒప్పుకున్న మెయిల్ ప్రింటు తీసి పెట్టుకోండి. మావున్ నుంచి డెల్టాలోకి వెళ్లే సెస్నా చిన్న విమానాలు మాత్రం వేరే లెక్క. సామాను మామూలుగా 20 కిలోలు, అదీ మెత్తటి సంచుల్లో. కుర్చీ, మందులు, క్యాథెటర్లు కలిస్తే అది చాలదు. ఇంకో సీటు కొని సామానుకి వాడుకోవచ్చు, అడగండి. చార్జింగుకి దిగులు లేదు, దక్షిణాఫ్రికా ప్లగ్గు మన గీజరుకి వాడే లావు మూడు పుల్లలదే, బోట్స్వానాలోనూ అది పనికొస్తుంది. క్యాంపులో బండి ఇన్వర్టర్ మీదే ఆధారం కాబట్టి మోటారుకి రోజుకి ఎంత చార్జింగు కావాలో చెప్పండి.

టీకా: బోట్స్వానా, దక్షిణాఫ్రికాలకి నేరుగా వెళ్తే అక్కర్లేదు. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్తూ అక్కడ 12 గంటలు దాటి ఆగితే దక్షిణాఫ్రికావాళ్లు సర్టిఫికెట్ అడుగుతారు. కెన్యాకి వెళ్తే మాత్రం తప్పనిసరిగా వేయించుకోండి, తిరిగొచ్చినప్పుడు మన విమానాశ్రయంలో కూడా చూస్తారు. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వేసిన 10 రోజుల తర్వాతే చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం.

రీహాబ్_నర్స్_విశాఖ
ఇన్సూరెన్సులో 'ముందునుంచీ ఉన్న ఆరోగ్య సమస్య'కి, విమానంలో తరలింపుకి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. మావున్‌లో ఒకవాంగో ఎయిర్ రెస్క్యూ, తూర్పు ఆఫ్రికాలో ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ ఉన్నారు. సఫారీ సంస్థ వాళ్లతో ఏర్పాటు చేసుకుందా అని అడగండి.

నెల్లూరు_సుజాత
నెల సంగతి ఎవరూ తేల్చలేదు. నన్నడిగితే జూన్ నుంచి ఆగస్టు. అంగోలాలో పడిన వానల నీళ్లు అప్పటికి డెల్టాకి చేరతాయి, మొకోరో తిరగడానికి బాగుంటుంది, పగలు ఎండ హాయి. తెల్లవారుజామున తెరిచిన బండిలో మాత్రం చలి ఎముకలు కొరుకుతుంది. వేడినీళ్ల సంచి ఒళ్లో పెడతారు, స్పర్శ లేని కాళ్ల మీద అది పెట్టనివ్వకండి పద్మగారూ, కాలినా తెలియదు. రెండు దుప్పట్లు అడగండి. వెళ్లే ముందు కొలతలన్నీ ఇక్కడ పెడితే మేమూ ఓసారి చూస్తాం.