పార్కులో చిన్న చిన్న క్షణాలను ఫొటో తీయడం ఎలా?

ప్రశ్న: తిరుపతి దగ్గర ఒక వాటర్ పార్కులో ఫొటోగ్రాఫర్‌గా కొత్తగా చేరాను. వరుసగా నిలబెట్టి తీసే ఫొటోలు బాగానే వస్తున్నాయి గాని, కుటుంబాలు ఏళ్ల తరబడి దాచుకునే క్షణాలను ఎలా పట్టుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు 1: జారేటప్పటి కేకలు అందరివీ ఒకటే. నీళ్లలోంచి లేచిన మరుక్షణం పిల్లల కళ్లు ఎవరిని వెతుకుతాయో గమనించి, అక్కడ కెమెరా సిద్ధంగా ఉంచండి. కొండ మీద తలనీలాలిచ్చి వచ్చిన తండ్రి గుండుకు అంటుకున్న గంధాన్ని, ఆయన కూతురు దోసిలితో నీళ్లు పోసి శ్రద్ధగా కడుగుతుండగా తీసిన ఫొటో అంటే నాకు ప్రాణం.

జవాబు 2: పై మాట నిజమండీ. నీటి తుంపరలు విడివిడిగా కనిపించాలంటే షట్టర్ వేగాన్ని సెకనులో 1000వ వంతుకో, అంతకన్నా వేగంగానో పెట్టుకోవాలి. మిట్టమధ్యాహ్నం కళ్ల కింద నీడలు పడతాయి కనుక సాయంత్రపు వెలుగే మేలు.

జవాబు 3: పిల్లలను తీసిన ప్రతిసారీ తల్లిదండ్రులకు చూపించి, వారు వద్దంటే వెంటనే తొలగించండి.